పసుపు గీత

త్రిపురాంతకంలో మాలకొండయ్య అన్నకు, గిద్దలూరు నుంచి చెల్లెలి దండాలు.

అన్నా, సగిలేరు పొంగి మళ్ళీ ఇంట్లోకొచ్చింది, కానీ ఒక్క గింజ తడవలేదు! పోయినేడు నేలలోని పాతరలో జొన్నలన్నీ కుళ్ళినాక, నీళ్ళెక్కినంత మేర గోడకు పసుపు గీత పెట్టినాను. దానికి మూరెడు పైన మంచె వేయించి, గాదె ఎక్కించినాను.

"జొన్నలకు సింహాసనమా ఏందమ్మా?" అని మామ ఒకటే నవ్వు. ఉగాదికి గీత మీద సున్నం కొట్టబోతే నేనే అడ్డుపడినాను.

నిన్న నీళ్ళు ఆ గీత దాటి జానెడు లేచినాయి. మామ మేకపిల్లను ఒళ్ళో పెట్టుకొని మంచె మీద గాదె పక్కన కూర్చున్నాడు! నేను నడుములోతు నీళ్ళలో నిలబడి నవ్వినాను.

ఈ పొద్దు ఆయనే పసుపు తెచ్చి కొత్త గీత గీసినాడు.

"అమ్మా, సింహాసనం ఇంకో మూరెడు లేపుదాం."

గట్టి దుంగలు పంపించన్నా. ఈసారి నాక్కూడా చోటుండాల.