సారయ్య సంతకం

12 జూలై 1963, శుక్రవారం

ఈ అనాథాశ్రమం ఆఫీసు చుట్టూ తిరిగి విసుగొచ్చింది. పక్కింటి సారయ్య, చనిపోయిన తన చెల్లెలి కూతురు లచ్చిమిని కొడుతున్నాడని నేను అర్జీ పెట్టి మూడు వారాలయింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఏ రోజు ఎక్కడ వాత తేలేలా కొట్టాడో తేదీలతో సహా రాసిచ్చాను. అనాథ పిల్లల ఆశ్రమంలో చేర్చుకోమన్నాను.

ఈ రోజు గుమాస్తా అర్జీ వెనక్కి ఇచ్చాడు.

"పిల్లను చేర్చుకోవాల్నంటె పెద్దదిక్కు సంతకం కావాలమ్మా."

"ఆ పెద్దదిక్కు ఎవరు?"

"మేనమామ సారయ్యనే గద. మొన్న పిలిపించి నీ అర్జీ మొత్తం సదివి వినిపించినం. సంతకం పెట్టనన్నడు."

"కొట్టేటోన్ని పిలిచి, నేనేం రాసిన్నో వానికే వినిపించిన్రా?"

"రూలే అట్లున్నదమ్మా. ఫికర్ చెయ్యకు, మంచిగ చూసుకుంటనని రాసిచ్చిండు."

ఆ కాగితాన్ని ఫైలులో కుట్టేసి, అక్కడితో పని అయిపోయిందనుకున్నారు.

సాయంత్రం నల్లా దగ్గర లచ్చిమి ఎడమ చేత్తోనే బిందె ఎత్తుతోంది. కుడి చెయ్యి పైకి లేవడం లేదు. నేను అడగకముందే మెల్లగా అంది.

"పెద్దమ్మా, నీకు దండం పెడత, ఇగ రాయకు. నువ్వు రాసినయన్ని మామకు యాదికున్నయి. ఒక్కొక్కటి చెప్పుకుంట కొట్టిండు."

రేపు ఎవరినీ అడగను. దాన్ని దవాఖానకు తీసుకుపోతాను. అక్కడి నుంచి ఏ ఇంటికి తీసుకురావాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు...