విడుపు లేని గ్రహణం

వరంగల్,
మార్చి 1980.

సకల జనులకు చాటింపు వేసి తెలియజేయునది ఏమనగా: మన మగ్గం గుంటలో పిల్లి కూనలను పెట్టింది, మీ అమ్మ చారులో ఉప్పు మరిచింది, ఐదో తరగతి తప్పిన మన పక్కింటి నర్సింగం కళ్లజోడు కొన్నాడు.

చిరంజీవి వెంకట్రాజానికి ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. హైదరాబాదులో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

సీరెస్ గురించి రాసింది అర్థమైందా అని అడిగావు. ఎందుకు కాదు? కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే పెద్ద రాయి. బొగ్గులా నలుపు. తొమ్మిది గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. సూర్యుణ్ణి చుట్టి రావడానికి నాలుగున్నరేళ్లు దాటుతుంది. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వర్ధన్నపేటలో మీ అక్క అత్తగారింటికి పోయాను. వియ్యపురాలు రాములవ్వ మొన్నటి సూర్యగ్రహణం భయం నుంచి ఇంకా తేరుకోలేదు. ఆమెను చూస్తే నా నాలుక ఊరుకుంటుందా? ఉత్తరం చదువుతూ చదువుతూ, "ఈ నల్లరాయి సూర్యునికి అడ్డమొస్తదట చెల్లె. నీడ కడుపుతోటి ఉన్నోళ్ల మీద పడొద్దట" అని కలిపాను.

"విడుపెప్పుడన్నా?"

"సుట్టు తిరిగొచ్చేదాక. నాలుగున్నరేండ్లు!"

ఆమె నవ్వలేదు. నేనొక్కడినే నవ్వాను.

నిన్న మీ అక్క అనసూర్యను పురుటికి తీసుకురాబోతే, కిటికీకి గొంగడి కట్టి ఉంది. ఆ చీకట్లో నా బిడ్డ కదలకుండా వెల్లకిలా పడుకుంది. "పరాచికమాడిన చెల్లె, ఆ రాయి కుజునికి అవుతల తిరుగుతది, మనకూ సూర్యునికీ నడుమకు రానే రాదు" అని మొత్తుకున్నాను. నువ్వు ఆ వాక్యమూ రాశావు. ఆనాడు నేనే దాన్ని మింగేశాను.

"బిడ్డను తోల్కపోవుటానికి అబద్ధమాడుతానవన్నా. సదువుకున్న పిలగాడు రాసింది అబద్ధమైతదా? కాన్పు ఇంట్లనే."

అక్కను దవాఖానలో చూపించారా అని అడిగావు. చూపించాం. రక్తపోటు ఉందనీ, పాదాలు వాస్తే ఆగకుండా తీసుకురమ్మనీ హనుమకొండ డాక్టరమ్మ చెప్పింది. నిన్న గొంగడి సందులోంచి పడ్డ వెలుగులో పాదాలు చూశాను. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి.

"బాపూ, నీడ పోయిందా?" అని అడిగింది.

తంతి కూడా కొట్టాను. అదీ బాపు ఆటలే అనుకుంటావని ఈ ఉత్తరం హైదరాబాదు బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అందగానే బయలుదేరు, ఆ రాయి సంగతి ఉన్న పుస్తకం తెచ్చుకో. రాములవ్వ ఇక నీ నోటి మాటే నమ్ముతుంది.

ఒక్క మాట. పిల్లి కూనలు నిజం. చారు నిజం. కళ్లజోడూ నిజం. పైన "అందరం క్షేమం" అని రాసింది మాత్రం పూర్తిగా నేను కల్పించింది.

ఇట్లు,
బస్టాండులో నీకోసం చూస్తుండే
మీ బాపు