నీ నోటి చలవ

బమ్రోలి, సూరత్
10 జూలై 2025

చిరంజీవి లింగానికి,

మీ బావ పరుశురాం రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆల్థాన్‌లో నువ్వూ, నీ భార్య ఊర్మిళా క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు, పై అంతస్తులో ఉండేవాళ్లకేం రోగం. అయినా ఉత్తరం రాసేటప్పుడు అడగడం మర్యాద కాబట్టి అడిగాను. ఫోన్‌లో అయితే నోరు జారతానని మీ అక్క వినోద వద్దంది. అందుకే ఈ కాగితం.

నిన్న దేవదాస్‌తో కబురు పంపావు. మన దగ్గర కారీగర్‌గా మిషన్ పని నేర్చుకుని నీ వెంట పోయినవాడు, ఇప్పుడు నాకు హితం చెప్పడానికి వచ్చాడు. మన ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ నీ దగ్గర కాపీ ఉన్నాయట, కావాలంటే తీసుకోవాలట. నా కార్ఖానా బాగయ్యేదాకా రాత్రి పాళీ నీ మిషన్ల మీద నడుపుకోవాలట. వినగానే ఒళ్లు మండింది. మునిగినవాడి మీద దయ చూపించి నలుగురిలో పెద్దమనిషి అనిపించుకుందామనా?

అసలు ఈ వరద ఎవరి నోటి చలవ? పోయిన దసరా ఒకసారి గుర్తు చేసుకో. మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టబోతుంటే నువ్వు అమ్మవారి పటం పక్కనే ఒక కాయితం అతికించావు. పక్కనున్న ఖాడీ వాగు పొంగితే కరెంటు మెయిన్ ఎవరు తీయాలి, మోటార్లూ కంప్యూటరూ ఎవరు పైకి ఎక్కించాలి, డిజైన్ల కాపీ ఎవరింట్లో ఉండాలి, ఆర్డర్లిచ్చే సేఠ్‌కు ఎవరు ఫోన్ చేయాలి, అన్నీ అందులో రాశావు. పైగా అందరిముందూ చదివావు. "బావా, గీ కార్ఖానా మునిగిందనుకో, తెల్లారి మనం ఏం జేస్తం?" అన్నావు. కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డవాడితో అనే మాటేనా అది? ఆ కాయితం చింపి పారేశాను. ఇప్పుడైనా అదే చేస్తాను. పూజ దగ్గర మునగడం గురించి మాట్లాడితే మునగక ఏమవుతుంది?

నువ్వు అలిగి నీ వాటా మిషన్లు తీసుకుపోయి పక్క గల్లీలో మేడమీద పెట్టుకున్నావు. మొన్నటి వానలకు ఖాడీ నీళ్లు నీ మెట్ల దాకా వచ్చి ఆగాయి. నా కార్ఖానాలో నడుములోతు నిలిచాయి. అంతా నీ ముందుచూపేనని గల్లీలో వాళ్లు మెచ్చుకుంటున్నారు. మీ అక్క అయితే అన్నం వడ్డిస్తూ మరీ అంటుంది, "కాయితం చింపితివి గని ఖాడీ ఆగిందా?" అని. తమ్ముడి మాటంటే ఆమెకు ఎప్పుడూ వేదవాక్కే.

సరే, నా సంగతి విను. బురద ఎత్తించాను, మోటార్లు ఆరబెట్టించాను, మిషన్లు తిరుగుతున్నాయి. సలాబత్‌పురా సేఠ్ ఇచ్చిన పండగ చీరల ఆర్డర్ నా దగ్గరే ఉంది, నా దగ్గరే ఉంటుంది. పోయిన డిజైన్లు మళ్లీ గీయిస్తాను. నన్ను అడగకుండా వాటిని ఇంటికి పట్టుకుపోవడాన్ని నువ్వు జాగ్రత్త అంటావేమో, నేను దొంగతనం అంటాను. మా కారీగర్లను నీ మేడ మెట్లు ఎక్కించను. నువ్వు మా గడప తొక్కకు.

ఊర్మిళకు ఆశీస్సులు. నీకు లేవు.

ఇట్లు,
మీ అక్క మొగుడు
పరుశురాం

తా.క.: మిషన్లు తిరుగుతున్నాయని రాసింది అబద్ధం. మోటార్లు బాగయ్యాయి కానీ కుట్టడానికి ఒక్క డిజైన్ లేదు, కంప్యూటర్ బురదలో పోయింది. గీసేవాడు పండగలోపల కాదని చేతులెత్తేశాడు. సోమవారానికి నమూనా చీర చూపించకపోతే ఆర్డర్ ఇంకొకరికి ఇచ్చేస్తానని సేఠ్ చెప్పాడు. కారీగర్లు ఊరికి రైలు టికెట్లు చూసుకుంటున్నారు. ఈ ఉత్తరం మీ అక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆమె సంచిలో ఖాళీ హార్డ్‌డిస్క్ ఒకటి ఉంది. నేనేమీ అడగడం లేదు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఒట్టి చేతులతో పంపకూడదు కదా, అంతే.