ట్రక్కు కదలని సోమవారం

ఆదివారం మధ్యాహ్నం

నా ఓరెస్ట్‌కి,

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నేను అసలు సంగతికి వచ్చేలోపే నువ్వు క్యాంపు భోజనాన్ని నాలుగు తిట్లు తిట్టి, నిద్రొస్తోందని పెట్టేస్తావు. ఉత్తరానికైతే మధ్యలో అడ్డం పడలేవు. రేపు షిఫ్టుకు వస్తున్న గోర్డ్ చేతికి ఇస్తున్నాను. వాడి సంగతి తెలుసు కాబట్టి కవరు రెండుసార్లు అంటించాను.

పోయిన సోమవారం తెల్లవారుజామున మన ట్రక్కు స్టార్ట్ కాలేదు కదా. మైనస్ ముప్పై ఎనిమిది చలి, రాత్రంతా ఇంజన్ గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచే హీటరు ప్లగ్గు చూస్తే గోడకు లేదు. "సరిగ్గా గుచ్చలేదేమో, నా బుర్రకి తుప్పు పట్టింది" అని నిన్ను నువ్వే తిట్టుకున్నావు. చమురు గనికి వెళ్ళే బస్సు అందలేదు. ఒక రోజు ఆలస్యంగా చేరి మేనేజరు చేత మాటలు పడ్డావు. ఓరెస్ట్, నువ్వు సరిగ్గానే గుచ్చావు. దాన్ని పీకేసింది మన కలీనా.

తప్పు మాత్రం నాది. ఆ ముందు వారమే క్లాసులో వాతావరణ మార్పు గురించి చెప్పాను. భూమి చుట్టూ ఉన్న గాలి దుప్పటిలాంటిదనీ, మనం బొగ్గు, చమురు కాల్చేకొద్దీ ఆ దుప్పటి మందం పెరుగుతోందనీ చెప్పాను. డెంప్సీ చెయ్యెత్తి, "టీచర్, ఇంకో నాలుగు కప్పేద్దాం, మా ముక్కులు ఊడిపోతున్నాయ్" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాత రెండేళ్ళ కిందటి మే నెల గుర్తుచేశాను. అడవి తగలబడి ఊరు ఖాళీ చేసి, పక్క ఊరి హాకీ మైదానంలో మడత మంచాల మీద పడుకున్నది ఆ పిల్లలే. ఇక ఒక్కరూ నవ్వలేదు. నాకు భయం వేసి, ఏదో ధైర్యం చెప్పాలని, "మీరు చిన్నవాళ్ళే, అయినా ఒక్కొక్కరూ ఇంట్లో ఏదో ఒకటి చెయ్యొచ్చు" అన్నాను. లైట్లు ఆర్పుతానని ఒకరు, స్వెట్టరు వేసుకుని ఇంట్లో వేడి తగ్గించమంటానని ఒకరు, బడికి నడిచే వస్తానని ఒకరు చెప్పారు. కలీనా మాత్రం చివర్లో లేచి, క్లాసులో నన్ను అమ్మా అనకూడదు కాబట్టి, "టీచర్, చమురు తవ్వేవాళ్ళు ఆపేస్తే అన్నిటికన్నా మేలు కదా?" అని అడిగింది. అది పెద్దవాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి అన్నాను. అంతలో గంట కొట్టారు. కొట్టినందుకు ఎంత హాయి అనిపించిందో నీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మొన్న గురువారం దానికి జడ వేస్తుంటే తనే చెప్పింది. "నాన్న మళ్ళీ వెళ్తే మళ్ళీ మంటలొస్తాయిగా అమ్మా. అందుకే ప్లగ్గు పీకేశా. ఏదో ఒకటి చెయ్యమంది నువ్వేగా?"

"మరి నాన్నకి చెప్పొచ్చుగా?"

"చెప్తే మళ్ళీ పెట్టేస్తాడు!"

ఎంత తెలివో చూడు, అచ్చం నీ పోలికే. నేను నవ్వబోయేంతలో నా వైపు తిరిగి, "నాన్న చెడ్డోడా అమ్మా?" అని ఏడ్చేసింది. కాదు తల్లీ అని, సగం వేసిన జడతోనే దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. నువ్వు ఫోను చేసినప్పుడల్లా అది గదిలోకి పోవడం అందుకే. హోంవర్కు ఉందని నీతో అబద్ధాలాడింది నేను.

అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ పాఠం ఇంక నేను చెప్పను. మంగళవారం హెడ్‌మాస్టరుతో మాట్లాడి, కావాలంటే ఇంకెవరికైనా ఇవ్వమంటాను. భూమి ముఖ్యమే, కాదనను. కానీ నాకు నా పిల్ల కావాలి, దానికి వాళ్ళ నాన్న కావాలి. మన ఇంటి కప్పు నిలబడింది నీ జీతం మీదనే కదా, అలాంటప్పుడు పిల్లల ముందు నిలబడి ఆ మాటలు చెప్పడానికి నాకు ఇంతకాలం నోరెలా వచ్చిందో తెలియదు. కోపం వస్తే నా మీద చూపించు, దాన్ని ఏమీ అనకు.

నీ
లారిస్సా

*

బుధవారం, క్యాంపు

లారిస్సా టీచరు గారికి,

గోర్డ్ కవరు ఇస్తూ, "ఇంత బరువుందంటే విడాకులేరా" అన్నాడు. మధ్యాహ్నం దాకా దిగులుగా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు పాపం.

నాకు కోపం లేదు. ఎందుకంటే నాకు ముందే తెలుసు. బండి మొరాయించడానికి ముందు, ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను, నువ్వు లోపల పేపర్లు దిద్దుకుంటున్నావు. కిటికీలోంచి చూస్తే కలీనా టోపీ కూడా లేకుండా బయటికి వచ్చింది. రెండు చేతులతో వైరు పట్టుకుని లాగి, ఆ ఊపుకి మంచులో చతికిలబడింది. లేచి, ట్రక్కు బాధపడుతుందనుకుందో ఏమో, దాని ముందు భాగాన్ని కాసేపు నిమిరి లోపలికి పోయింది. బూట్లు తొడుక్కుని వెళ్ళి మళ్ళీ గుచ్చి రావడానికి నాకు ఎంతసేపు పడుతుంది? నేను వెళ్ళలేదు. నీళ్ళు చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. పొద్దున నన్ను నేను తిట్టుకున్నదంతా నటన. బాగానే చేసినట్టున్నాను.

ఆ మే నెలలో మీ ఇద్దర్నీ ఎక్కించుకుని పొగలో బండి నడుపుతుంటే అద్దం మీద బూడిద పడుతూనే ఉంది. తుడిచిన కొద్దీ పడేది. అప్పట్నుంచీ ఈ పని మానేయాలని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. పైకి అంటే నువ్వు ఇంటి అప్పు గురించి బెంగపడతావని అనలేదు. ఆ చిన్నది వైరు పట్టుకుని లాగుతుంటే, నేను నోరు మూసుకుని దాచుకున్నది అది బయటికి అనేసినట్టనిపించింది. ఒక్క రోజైనా దాని మాట నెగ్గనిద్దామనుకున్నాను.

రేపే ఈ పని మానేయలేను. ఎప్పటికి మానగలనో కూడా తెలియదు. కానీ నువ్వు పాఠం మానొద్దు, హెడ్‌మాస్టరుకు ఇప్పటికే చెప్పేసి ఉంటే మాట వెనక్కి తీసుకో. శుక్రవారం దిగుతాను, సోమవారం మీ క్లాసుకు వస్తాను. చమురు తవ్వడం ఆపేస్తే మేలు కదా అన్న ఆ ప్రశ్న కలీనా నన్నే అడగాలి, అందరి ముందూ. పూర్తి జవాబు నా దగ్గర లేదు. లేదని వాళ్ళకి చెబుతాను, ఉన్నంత వరకూ చెబుతాను. చేతికి పని కూడా తెస్తున్నాను. ఇంజన్ హీటరు రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరే ముందు మూడు గంటలు చాలు. మన వీధిలో అందరం బద్ధకించి సాయంత్రం నుంచే పెట్టేస్తాం. చెప్పిన వేళకే హీటరుకు కరెంటు దానంతటదే వచ్చేలా చేసే టైమరు ఒకటి ఇక్కడి కొట్లో కొన్నాను. అది బిగించడం పిల్లలకు నేర్పుతాను, ఇంటింటికీ తిరిగి పెట్టించే పని వాళ్ళది. డెంప్సీ వాళ్ళ నాన్న ఒప్పుకోక గొడవైతే నేను చూసుకుంటాను.

కలీనాకి ఒకటి గట్టిగా చెప్పు. ఇంకెవరి ట్రక్కు జోలికీ పోకూడదు, ఈ చలిలో బండి మొరాయిస్తే మనుషులు చచ్చిపోతారు. నాతో పోట్లాడాలంటే చీకట్లో వైరు పీకక్కర్లేదు, నా ఎదురుగా నిలబడి "వెళ్ళకు నాన్నా" అనమను. పదకొండేళ్ళుగా ఇక్కడికి వస్తున్నాను లారిస్సా. జాగ్రత్త అన్నారు, త్వరగా రమ్మన్నారు. వెళ్ళొద్దని మాత్రం ఎవరూ అనలేదు. నువ్వు కూడా.

మీ ఇద్దరి
ఓరెస్ట్