సీసా ఒకటి, విడతలు నాలుగు

మేనకోడలికి, మందుల ఫ్యాక్టరీ మేనేజరు ఆశీర్వదించి రాయునది.

ఆకు కషాయంలోంచి పచ్చటి మందు తీయడానికి సీసా ద్రావకం ఇస్తే, నాలుగు విడతలుగా పోసి నాలుగుసార్లు ఊపుతున్నావట. పూటంతా దానికే సరిపోతోంది. ఒక్కసారే పొయ్యాలని నా సర్క్యులరు. వినకపోతే సోమవారం నుంచి ప్యాకింగులో అట్టపెట్టెలు అతికించుకుందువుగాని.

ఇట్లు, మామయ్య.

తా.క.: ఇది అత్తయ్యకు చూపించకు.

*

మామయ్యకు ల్యాబు నుంచి నమస్కారాలు.

ద్రావకం నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. సీసా అంతా ఒకేసారి పోసి ఊపితే మందు మూడొంతులు పైకి ఎక్కుతుంది, ఒక వంతు నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ పావు వంతూ పారబోయాల్సిందే. అదే సీసా నాలుగు విడతలుగా పోసి, పోసినప్పుడల్లా పైది తీస్తే, చివరికి పదోవంతే మిగులుతుంది. నేను ఒక్కసారి పొయ్యను. అట్టపెట్టెలు అతికించమన్నా పొయ్యను.

మీ మొండి కోడలు.

తా.క.: అత్తయ్య చదివేసింది. ఇకమీదట మీ చొక్కా కూడా సబ్బు పెట్టి ఒక్కసారే ముంచి తీస్తానంది.

*

మొండిదానికి,

ఆదివారం నేనే ల్యాబుకు వెళ్లి ఒక్కసారే పోసి తీశాను. ఫలితం సీసాలో పంపుతున్నాను, ఎంత తేటగా ఉందో చూసుకో. పైన తేలిన పచ్చ తెట్టు బకెట్లో పడేశాను. ప్యాకింగులో నీ స్టూలు సిద్ధం.

మేనేజరు.

తా.క.: మెడ దురద పెడుతోంది. దానికీ చొక్కాకూ సంబంధం లేదు.

*

మామయ్యా,

మీరు పంపినవి పారబోయాల్సిన నీళ్లు. తెట్టనుకున్నదే మందు. బకెట్టు మీద మూత పెట్టండి, దగ్గర్లో ఎవరినీ అగ్గిపుల్ల గియ్యనివ్వకండి.

ఇంకొకటి. ఒక్కసారే పోస్తే నీళ్లు ఇంకా పచ్చగా ఉండాలి. ఇంత తేటగా ఎలా వచ్చాయి? ఎన్నిసార్లు పోశారు?

జవాబు కోసం చూస్తూ, కోడలు.

తా.క.: ఆ స్టూలు ల్యాబుకు పంపండి. నాలుగుసార్లు ఊపేసరికి కాళ్లు లాగుతున్నాయి.

*

కోడలికి,

పైన మూత, కింద కొళాయి ఉన్న ఆ గాజు గరాటాలో కషాయం పోశాక పావు సీసాకే చోటు మిగిలింది. పోశాను, ఊపాను, తెట్టు తీశాను, మళ్లీ పోశాను. నాలుగు విడతలకు సీసా అయిపోయింది. సీసా ఒక్కటే కదా, ఒక్కసారని రాశాను.

బకెట్టుకు మూత పెట్టాను. నీ బదిలీ కాగితం చించేశాను. సర్క్యులరు మాత్రం మార్చను, మేనేజరు మాట మార్చడు. కింద ఒక ముక్క చేర్చానంతే: 'ఒక్కసారి అనగా నాలుగు విడతలు.'

స్టూలు పంపుతూ, మామయ్య.

తా.క.: చొక్కా నేనే జాడించుకుంటున్నాను. ప్రస్తుతం మూడో బకెట్టులో ఉంది.