సమోసాలు బంద్

మంగళవారం రాత్రి, కోరుట్ల

బడి ముందు సమోసాల బండాయన నల్లబడ్డ నూనె మార్చేదాకా ఏమీ కొనొద్దని మా అమ్ములు క్లాసునంతా ఒప్పించింది. కొనకపోవడం మన ఇష్టం, తిట్టకూడదు, కొనేవాళ్లను ఆపకూడదు అని నేర్పింది నేనే.

అదే క్లాసులో చదివే ఆయన కూతురు శ్రీజతో ఎవరూ మాట్లాడడం లేదని నిన్న తెలిసింది. అడిగితే, "అమ్మమ్మ ఊళ్లె పెద్దమనుషుల కమిటోళ్లు ఎవలనన్న వెలేస్తె గట్లనే చేస్తరు గదమ్మా. మాట్లాడినోళ్లు జుర్మానా కట్టాలె" అంది అమ్ములు.

"సమోసాలు కొనకుంటే ఆయన నూనె మారుస్తడు. శ్రీజ ఏం మార్చాలె బిడ్డా?" అన్నాను.

ఈరోజు బడి నుంచి రాగానే, "రేపు రెండు చపాతీలు ఎక్కువ పెట్టు, శ్రీజ కూడ తింటది" అంది. హమ్మయ్య!

నూనె ఇంకా మార్చలేదట. మార్చేదాకా సమోసాలు బందే. చపాతీ పిండి మాత్రం ఇప్పుడే ఎక్కువ కలిపి పెట్టాను.