మూత తియ్యని కంచం

బర్మామైన్స్. 1981 జులై, మంగళవారం రాత్రి.

రాత వంకరగా ఉంది, ఒత్తులు కూడా తప్పుతాయి. చదివేది నేనే కనుక నన్ను నేనే మన్నించుకోవాలి.

మావాడు అప్పన్న పొద్దుటి షిఫ్టు దిగి రెండున్నరకి ఇంటికి రావాలి. ఆరైనా రాలేదు. వాడిది ఇక్కడి ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర పని. కోడలు పసుపు గుడ్డలో కాసు పెట్టి పైడితల్లికి ముడుపు కట్టింది.

"పైడితల్లి కొలిమి కాడికొచ్చి కాపలా కాత్తదేటి?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె వాడికని వడ్డించి మూతపెట్టిన కంచం తియ్యబోయింది. "అన్నం సల్లారిపోనాది మావా, తీసెత్తాను."

"మూత ముట్టకు! ఆడొచ్చేదాకా అలాగే ఉండాల!" అని అరిచాను.

కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "నాను ముడుపు కట్టినాను, మీరు మూత కాసినారు. ఏటి మావా తేడా?"

ఆరున్నరకి అప్పన్న వచ్చాడు. తర్వాతి షిఫ్టు మనిషి రాక, వీణ్ణే ఆపేశారట. కంచం ముందు కూర్చుని, "ఏటి, అన్నం ఇంత ఠండా?" అన్నాడు.

జనం భయపడి దేవుణ్ణి పట్టుకుంటారని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఈ రోజు నాకూ భయం వేసింది. దేవుడు గుర్తుకు రాలేదు, మూత గుర్తుకొచ్చింది. ఏమీ చెయ్యలేక ఊరికే కూర్చోవడం మనిషి వల్ల కాదేమో. మరి కోడల్ని ఇన్నాళ్లూ వెక్కిరించానే...

దేవుడు లేడు. అందులో మార్పు లేదు. కానీ ఆమె అడిగినదానికి బదులు బాకీ ఉంది. రేపు ఈ పేజీ చదివే ముసలాడా, తొందరగా ఏదో ఒకటి చెప్పు.